ఎడమ చెంప

"తల జర కిటికీ దిక్కు తిప్పే. ఇంకా… ఆఁ, గట్లనే ఉండు," అంది ప్రీతి.

మెహ్జబీన్ కుట్టుమిషన్ స్టూలు మీదే కూర్చుని కిటికీ వైపు తిరిగింది. కాశిబుగ్గలో ఆ ఇంటి ముందుగదే ఆమె టైలరింగ్ షాపు. పొద్దుటి ఎండ కిటికీలోంచి నేరుగా మిషన్ మీద పడుతుంది. ప్రీతికి ఆ ఎండే కావాలి. లైట్లు పెట్టి తీస్తే చర్మం రంగు అబద్ధం చెబుతుందని ఆమె అంటుంది. అందుకే వీడియో తీయాలన్నప్పుడల్లా హనుమకొండ నుంచి స్కూటీ మీద పొద్దున్నే వచ్చేస్తుంది.

ఫోన్ స్టాండును కత్తిరింపు బల్ల మీద నిలబెట్టి, అడ్డమున్న జాకెట్ ముక్కల్ని ఒద్దికగా పక్కకు జరిపి, ప్రీతి దగ్గరికి వచ్చింది. మెహ్జబీన్ ఎడమ చెంప మీదికి వేలు తెచ్చి, తాకకుండా ఆపింది.

"ఇంకా మండుతాందా?"

"నీళ్ళు తగిలితే మండుతాంది. ఉత్తప్పుడు గుంజినట్టు ఉంటాంది."

"నారింజ సీస ఆపేసినవ్ గదా?"

"నువ్వు ఆపుమన్న దినం నుంచి ముట్టలే."

రెండో కాన్పు తర్వాత మెహ్జబీన్‌కు రెండు చెంపల మీదా మంగు వచ్చింది. ప్రీతి తన ఛానెల్ కోసం రెండు రకాల విటమిన్ సి సీరమ్‌లు పోల్చి చూపిస్తానని, ఒక్కో చెంపకు ఒక్కోటి రాసి చూద్దామని అడిగింది. తెల్ల సీసాలోది కుడి చెంపకు, నారింజ రంగు సీసాలోది ఎడమ చెంపకు. కుడి చెంప మీద మంగు కొంచెం పలచబడినట్టే ఉంది. ఎడమ చెంప మాత్రం మొదటి వారం దాటకముందే ఎర్రగా కందిపోయింది. తర్వాత పొట్టు లేచింది. ఇప్పుడు ఎముక మీద చర్మం కాలినట్టు గోధుమరంగుకు తిరిగి, చుట్టూ ఎర్రటి అంచు కట్టింది. మంగు కన్నా ఇదే ఎక్కువ కనబడుతోంది.

"ఫికర్ చెయ్యకు. తగ్గుతది," అంది ప్రీతి. "వీడియోల ఉన్నదున్నట్టు చెప్తగదా. ఏది పడ్డదో, ఏది పడలేదో."

"మరి నారింజ సీసోల్లే గదా నీకు పంపింది? వాళ్ళేమనరా?"

"అంటే అననీ. నా ఛానెల్ చూసేటోళ్ళు నా మాట మీద కొంటరు, వాళ్ళ మాట మీద కాదు."

ప్రీతి జుట్టు సర్దుకుని కెమెరా ముందుకు జరిగింది. కెమెరా ముందు ఆమె భాష మారిపోతుంది, గొంతు కూడా. "హాయ్ ఫ్రెండ్స్! విటమిన్ సి అంటే అన్నీ ఒక్కటే అనుకుంటున్నారా? కాదు. ఈ నారింజ సీసాలో ఉన్నది అస్కార్బిక్ యాసిడ్, అసలు రూపం. ఇరవై శాతం. బలమైనదే, కానీ గాలి తగిలినా వెలుతురు తగిలినా తొందరగా పాడవుతుంది. నీళ్ళలా ఉండాల్సింది టీ డికాషన్ రంగుకు వచ్చిందంటే పారేయాల్సిందే. పైగా ఇందులో సెంటు ఉంది, నారింజ తొక్క నూనె ఉంది. ఈ తెల్ల సీసాలో ఉన్నది అదే విటమిన్‌కు మెత్తని రూపం. పది శాతమే. సెంటు లేదు. పని నెమ్మదిగా చేస్తుంది. శాతం ఎక్కువుంటే మంచిదనుకోకండి ఫ్రెండ్స్. మసాలా ఎక్కువ వేస్తే బిర్యానీ బాగుంటుందా?"

మెహ్జబీన్ నవ్వాపుకుంది. ప్రీతి ఇలా విడమరచి చెబుతుంటే వినడం ఆమెకు ఇష్టం. ఇంటర్లో కెమిస్ట్రీ కూడా ప్రీతి ఇలాగే చెప్పేది, కాలేజీ మెట్ల మీద కూర్చోబెట్టి.

వెనక గదిలో వెల్లుల్లి పొట్టు తీస్తున్న అత్త హుసేన్‌బీ గొంతు సవరించుకున్న చప్పుడు వినబడింది. మొదట్నుంచీ ఆమెకు ఇది ఇష్టం లేదు. "మన ఇంటి ఆడోల్ల మొఖం ఊరందరి ఫోన్ల తిరగాల్నా?" అని అడిగింది. మెహ్జబీన్ భర్త కాశిఫ్ కూడా రెండు రోజులు తేల్చలేదు. చివరికి "ప్రీతి అయితే సరే" అన్నాడు. ఆ మాట మెహ్జబీన్ చెప్పినప్పుడు ప్రీతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు ఏదన్న అయితే నేను ఊకుంటనా? ముందు నా చేతి మీద రాసుకొని చూసిన. రెండు సీసలూ. ఏం కాలే. అప్పుడే నీకు తెచ్చిన," అంది.

చివరగా ప్రీతి కెమెరాను మెహ్జబీన్ ముఖానికి దగ్గరగా తెచ్చింది. నేరుగా ఒకసారి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. ఎడమవైపు తీసేటప్పుడు చాలాసేపు తీసింది. మెహ్జబీన్ ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"అయిపోయింది. ఐతారం వీడియో వస్తది," అంది ప్రీతి. వెళ్ళేముందు దండెం మీద వేలాడుతున్న పట్టు జాకెట్లను చేత్తో నిమిరింది. ప్రీతి చెల్లెలు ఏంజెల్ పెళ్ళికి కుడుతున్నవి అవి. "హుక్కులే గదా మిగిలినయ్? మంగళారం వస్త. నా జాకెట్ కొలతలు గూడ గప్పుడే తీసుకో."

*

ఆదివారం మధ్యాహ్నం మెహ్జబీన్ చీరకు ఫాల్ కుడుతుండగా ఫోన్ మోగింది. ప్రీతి ఛానెల్లో కొత్త వీడియో. సూదిని ఫాల్‌కే గుచ్చి, చీరను ఒళ్ళో మడిచి పెట్టుకుని, ఫోన్‌ను మిషన్‌కు ఆనించి చూడడం మొదలుపెట్టింది.

మొదట తన ముఖం చూసి సిగ్గేసింది. తర్వాత కొంచెం గర్వంగా కూడా అనిపించింది. మొదటి రోజు తీసిన బిట్టు వచ్చింది. అది అప్పుడే పెట్టింది ప్రీతి, వీధిలో అందరూ చూశారు. ప్రీతి చుక్కల గొట్టంతో నారింజ సీసాలోది ఎడమ చెంప మీద వేసి, వేలితో అద్దుతోంది. కుడి చెంపకు తెల్ల సీసా. "రెండు వారాల తర్వాత చూద్దాం ఫ్రెండ్స్."

తర్వాత మొన్న తీసినది. కిటికీ, ఎండ, తన ముఖం. ప్రీతి ఆ రోజు కెమెరా ముందు చెప్పిన మాటలు మాత్రం లేవు.

"చూశారా ఫ్రెండ్స్," ప్రీతి గొంతు వెనక నుంచి చెబుతోంది. "ఈ ఎడమ చెంప, నారింజ సీసా వాడిన వైపు, ఎంత తేటపడిందో. అసలైన విటమిన్ సి అంటే ఇదీ. ఇక ఈ కుడి చెంప చూడండి. తెల్ల సీసా వాడిన వైపు. కందిపోయింది. మెత్తనిది, మైల్డ్ అని చెప్పి అమ్మే వాటిని గుడ్డిగా నమ్మకండి."

మెహ్జబీన్ చెయ్యి దానంతటదే ఎడమ చెంప మీదికి పోయింది. అక్కడే గరుకుగా తగిలింది. వీడియో వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. కందిన చెంప కుడివైపే ఉంది. లేచి అద్దం ముందు నిలబడింది. అద్దంలో చూసుకుంటే ఇంకా అయోమయమైంది. ఏది కుడి, ఏది ఎడమ అన్నది ఒక్క క్షణం ఆమెకే తెలియకుండా పోయింది. తానే తప్పు చెంపకు రాసుకుందా అన్నాళ్ళూ?

ఫోన్ పట్టుకుని వెనక గదిలోకి పోయింది.

"అత్తమ్మా, నా ముక్కుపుడక ఏ దిక్కున్నది?"

హుసేన్‌బీ తలెత్తి కోడల్ని పైనుంచి కిందికి చూసింది. "పిచ్చి లేసిందా? ఎడమ దిక్కు. కుట్టించిందే నేనైతి."

"ఇది చూడు."

హుసేన్‌బీ కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. మొదటి బిట్టులో ముక్కుపుడక ఎడమవైపు మెరిసింది. చివరి బిట్టులో కుడివైపు. ముసలామె రెండుసార్లు చూసి ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"బొమ్మను మల్లేసిన్రు," అంది. "జాకెట్ ముక్కను బొర్లిచ్చినట్టు."

మెహ్జబీన్ ప్రీతికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఆదివారం కదా, చర్చిలో ఉందేమో అనుకుంది. సాయంత్రం మెసేజ్ పెట్టింది: "వీడియోల నా మొఖం తిరిగిపోయింది. తప్పు చెంప అని వచ్చింది. చూసినవా?" రెండు గీతలూ నీలంగా మారాయి. కాసేపటికి జవాబు వచ్చింది. "పెళ్ళి పనులల్ల ఆగమాగం ఉన్న మెహ్జూ. చేస్త."

చేయలేదు.

*

సోమవారం పొద్దున పక్క వీధి భద్రమ్మ వచ్చింది. ఇంట్లో మగ్గం ఉంది వాళ్ళకు. ఎప్పుడొచ్చినా వేళ్ళకు రంగు అంటుకునే ఉంటుంది. చంకలో పాత జాకెట్, చేతిలో ఫోన్.

"బిడ్డా, నిన్ను చూసినమే మేమందరం! టీవీల మనిషి లెక్కనే ఉన్నవ్," అంది కూర్చుంటూ. "మా రమ్య అయితే మస్తు సంబురపడ్డది. మెహ్జబీన్ అక్కకే మంచిగ అయిందంటే ఇగ ఆలోచన లేదని, గదే నారింజ సీసకు ఆర్డర్ పెట్టింది. దానికి మొటిమల మచ్చలున్నయ్ గదా."

మెహ్జబీన్ చున్నీని ఎడమ చెంప మీదికి లాక్కుంది. చెంప కందినప్పటి నుంచీ అది అలవాటైంది. కొస చెంప మీదుగా దవడ కిందికి తెచ్చి భుజం మీద పిన్ను పెట్టుకుంటోంది.

"సీస వచ్చిందా అత్తా?"

"రేపో ఎల్లుండో వస్తదట."

"వస్తే వాడకుమను. రెండు దినాలు ఆగుమను."

"ఎందుకు?"

మెహ్జబీన్ పాత జాకెట్ తీసుకుని, బల్ల మీద పరిచి, చంక దగ్గర కుట్లు ఎక్కడ విప్పాలో చూస్తున్నట్టు తల వంచింది. నిజం చెప్పాలంటే ఒక్క మాట చాలు. చున్నీ పిన్ను తీస్తే ఆ ఒక్క మాట కూడా అక్కర్లేదు. కానీ చెబితే ప్రీతి అబద్ధమాడిందని చెప్పినట్టు. ప్రీతిని అడగకముందే ఆ మాట వీధిలోకి పోనివ్వడం ఆమెకు చేతకాలేదు.

"వీడియోల జర తప్పు పడ్డది. ప్రీతి సరిచేస్తది."

భద్రమ్మ ఆమె వైపు, చున్నీ వైపు చూసింది. ఏదో అడగబోయి, "సరే, చెప్త" అని లేచింది.

ఆ రోజంతా మెహ్జబీన్ పని సాగలేదు. ఒక జాకెట్‌కు లైనింగ్ తిరగేసి కుట్టింది. కూర్చుని అంతా విప్పింది. విప్పుతున్నంతసేపూ ప్రీతి వైపు నుంచి తనే వాదించుకుంది. ఫోన్లో తీసేటప్పుడే బొమ్మ తిరుగుతుంది కదా. సెల్ఫీ తీసుకుంటే అక్షరాలు తిరగబడవూ? పెళ్ళి పనుల్లో ఉంది. చూసుకోలేదేమో. కానీ ఆ గొంతు ప్రీతిది. కందిన చెంపకు ఐస్ ముక్క గుడ్డలో చుట్టి అద్దింది కూడా ప్రీతే. ఏ చెంపకు అద్దిందో ఆమెకు తెలియదా?

రాత్రి అన్నాల దగ్గర కాశిఫ్, "మా షాపు కాడ గూడ చూసిన్రు నీ వీడియో," అన్నాడు. హుసేన్‌బీ కోడలి ముఖంలోకి చూసింది కానీ కొడుకుతో ఏమీ చెప్పలేదు.

*

మంగళవారం ప్రీతి వచ్చింది. వస్తూనే చెప్పులు విప్పి, మిషన్ పక్కన కింద కూర్చుని మెహ్జబీన్ మోకాళ్ళు పట్టుకుంది.

"తిట్టే. ముందు తిట్టు, తర్వాత చెప్త."

మెహ్జబీన్ మిషన్ ఆపి ఆమె వైపు తిరిగింది.

"గోపాల్ అని హనుమకొండల ఒకాయన ఎడిటింగ్ చేస్తడు నాకు. అన్ని బిట్లు ఆయనకు పంపిన. ఎట్ల తిరగేసిండో తిరగేసిండు. మాటలు గూడ ఆయనే రాసి పంపిండు. నేను ఏంజెల్‌ను తీస్కోని బట్టల షాపుల ఉన్న. అక్కడ్నే మెట్ల మీద కూసోని ఫోన్ల చదివి పంపిన. బొమ్మ చూడలే మెహ్జూ. పెట్టినంక చూసిన. నా పానం పోయింది. నీకు ఫోన్ చేసే మొఖం లేకనే చేయలే."

"మరి తీసెయ్యొచ్చు గదా."

"తీసేస్తే మల్ల కథ మొదటికొస్తది. సరి చేసి పెడ్త అన్నడు గోపాల్. రేపట్లకు అయితది. నీ మీద ఒట్టు."

మెహ్జబీన్ ఊపిరి వదిలింది. రెండు రోజులుగా గుండె మీద పెట్టి మోస్తున్న రాయి ఎవరో పక్కకు దొర్లించినట్టయింది. పూర్తిగా నమ్మిందా అంటే తెలియదు. నమ్మాలని మాత్రం చాలా ఉంది. "నేనైతే మస్తు ఆగమైన," అంది. "అద్దంల చూసుకుంటే నాకే తెల్వలే ఏ చెంపో." ఇద్దరూ నవ్వారు. ప్రీతి కళ్ళు తుడుచుకుంది. మెహ్జబీన్ లేచి చాయ్ పెట్టుకొచ్చింది. ఏలకులు ఎక్కువే వేసింది, ప్రీతికి అలా ఇష్టమని.

చాయ్ తాగాక ప్రీతి సంచిలోంచి జాకెట్ గుడ్డ తీసింది. ముదురు ఆకుపచ్చ పట్టు, జరీ అంచు. "అంచు చేతులకు రావాలె. మోచేతి దాంక పెట్టు."

మెహ్జబీన్ మెడలోని టేపు తీసి కొలతలు మొదలుపెట్టింది. భుజం, ఛాతీ, నడుము. ఒక్కోటి పైకి చెప్పుకుంటూ సుద్దతో బల్ల మీదే గుర్తు పెట్టుకుంటోంది. ప్రీతి ఫోన్ మోగింది. ఏంజెల్. ప్రీతి ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి మాట్లాడుతూ ఒక చెయ్యి చాపింది.

"జర చేతులు పైకి జరుపు," అంది మెహ్జబీన్. ప్రీతి నిండు చేతుల చుడీదార్ వేసుకుంది. ఫోన్లో పూలవాళ్ళ గురించి మాట్లాడుతూనే ఆ చేతిని పైకి తోసింది.

టేపు మోచేతి చుట్టూ తిప్పబోయి మెహ్జబీన్ ఆగింది.

మోచేతి మడతలో, లోపలివైపు, రూపాయి బిళ్ళంత మచ్చ. మధ్యలో గోధుమరంగు, చుట్టూ పలచటి అంచు. ఎరుపు పోయి మానిపోయిన మచ్చ. తన చెంప మీద రోజూ చూసుకుంటున్నదే. కాకపోతే తనదానికన్నా పాతది. తనది ఇంకో నెలకు ఇలా అవుతుంది కాబోలు.

టేపు ఆ చేతి మీద అలాగే ఉండిపోయింది. ప్రీతి మాట్లాడుతూ మాట్లాడుతూ కిందికి చూసింది. "నేను మల్ల చేస్తనే ఏంజెల్," అని ఫోన్ పెట్టేసింది. చుడీదార్ చేతిని కిందికి లాక్కోలేదు. లాక్కుని లాభం లేదని తెలిసినట్టు అలాగే నిలబడింది.

"ఇదెప్పుడైంది?" అని అడిగింది మెహ్జబీన్.

ప్రీతి ఫోన్‌ను చున్నీ అంచుతో తుడిచింది.

"ఏం కాలేదన్నవ్ గదనే. నీ చేతి మీద రాసుకున్న, ఏం కాలే అన్నవ్."

"తెల్ల సీసతోని ఏం కాలే," అంది ప్రీతి, చాలా చిన్నగా.

మెహ్జబీన్ టేపును వేళ్ళ చుట్టూ చుట్టడం మొదలుపెట్టింది. చుట్టడం అయిపోయాక విప్పింది. మళ్ళీ చుట్టింది.

"నాకు తెచ్చేకంటె ముందే అయ్యిందిది."

"రెండు దినాలు ఎర్రగుండె. తర్వాత తగ్గింది. నేననుకున్న… నా ఒక్కదానికే పడలేదేమో, నా ఒళ్ళే గట్లుందేమో అని. వేరేటోళ్ళకు పడితే సీసది తప్పు కాదు గదా. నీకు మంచిగైతే నాకు ధైర్యం వస్తదనుకున్న." ప్రీతి వెనక్కి జరిగి గోడకానుకుంది. "నారింజ సీసోల్లు హనుమకొండల స్కిన్ సెంటర్ తెరుస్తాండ్రు మెహ్జూ. నన్నే చూసుకోమంటాండ్రు. సీస మంచిగ లేదని నేనే చెప్తే ఏమైతది? ఎన్నేండ్ల నుంచి కష్టపడుతున్న ఈ ఛానెల్ మీద. నీకు తెల్వదా?"

"గోపాల్ తిరగేసిండన్నవ్."

"నేనే తిరగెయ్యిమన్న."

ఆ మాట అనేశాక ప్రీతి కిందికి చూసింది. వీధిలో నీళ్ళ ట్యాంకర్ వచ్చినట్టుంది, బిందెల చప్పుడు. వెనక గదిలో హుసేన్‌బీ చేస్తున్న చప్పుడు ఏమిటో గానీ అది ఆగిపోయింది.

"నా మొఖం మీద రాసెటప్పుడు తెలుసు నీకు," అంది మెహ్జబీన్. ఆమె గొంతు పెరగలేదు. "నీ చేత్తోనే అద్దినవ్. చల్లగుందా అని అడిగినవ్. నీ చెయ్యి అయిపోయింది, ఇగ నా మొఖం."

"గట్ల అనకే."

"మరెట్లనాలె?"

ప్రీతి ఏడ్చింది. మెహ్జబీన్ ఆమెను ఓదార్చలేదు, పొమ్మని కూడా అనలేదు. దండెం మీది ఏంజెల్ జాకెట్లలో చివరిది కిందికి దించింది. దానికి మూడు హుక్కులు మిగిలాయి. స్టూలు మీద కూర్చుని, సూదికి దారం ఎక్కించుకుంది. మొదటిసారి దారం సూది బెజ్జంలోకి పోలేదు. కొస తడిచేసి మళ్ళీ ఎక్కించింది. ఒక్కో హుక్కునూ నాలుగు వైపులా కుట్టి, ముడి వేసి, దారం తెంపింది. ఆ పిల్ల ఏ పాపం చేయలేదు. దాని పెళ్ళిలో హుక్కు ఊడిపోకూడదు.

ప్రీతి గోడకానుకుని నిలబడి చూస్తోంది. వెళ్ళిపోదామని రెండుసార్లు కదిలింది కానీ వెళ్ళలేదు.

జాకెట్లన్నీ మడిచి మెహ్జబీన్ కవర్లో పెట్టింది. ఆకుపచ్చ పట్టుగుడ్డను కూడా నాలుగు మడతలేసి పైన పెట్టింది.

"ఇది…?" అంది ప్రీతి.

"వేరే కాడ కుట్టించుకో."

"మెహ్జూ, రేపు తీసేస్త వీడియో. నిజంగ. నాకొక్క మాట చెప్పు."

"నువ్వు తీసినా తియ్యకపోయినా నీ ఇష్టం. నన్ను అడగకు."

ప్రీతి కవరు అందుకుంది. గడప దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. మెహ్జబీన్ అప్పటికే బల్ల మీద సుద్దతో గుర్తుపెట్టుకున్న కొలతలను తడిగుడ్డతో తుడుస్తోంది.

*

బుధవారం వీడియో అలాగే ఉంది. గురువారం కూడా ఉంది. కింద వందల మంది థాంక్యూ అక్కా అని రాశారు.

గురువారం పొద్దున మెహ్జబీన్ షాపు తలుపులు తీసి, ఊడ్చి, మిషన్‌కు నూనె వేస్తుంటే హుసేన్‌బీ ముందుగదిలోకి వచ్చింది. గిరాకీ ఉన్న వేళ ఆమె ముందుగదిలోకి రాదు. వచ్చి, కోడలి ఎదురుగా నిలబడి, ఆ చున్నీ పిన్ను మీద చెయ్యి పెట్టింది.

'నేను ముందే చెప్పిన' అంటుందనుకుని మెహ్జబీన్ కళ్ళు మూసుకుంది. అనడానికి ఆమెకు హక్కుంది.

హుసేన్‌బీ పిన్ను తీసేసింది. చున్నీని చెంప మీద నుంచి వెనక్కి తోసి, తల మీద మాత్రం సర్దింది.

"గాలి తగలనియ్యి," అంది. "గిట్ల కప్పి కప్పి ఇంకింత చేసుకుంటానవ్."

"అందరొస్తరు అత్తమ్మా."

"రానియ్యి. నీ మొఖం వద్దన్నది నేనే. ఇప్పుడు సూపియ్యిమంటున్నది గూడ నేనే. నీ మొఖం పెట్టి అబద్ధం అమ్ముతాంటే కప్పుకొని కూసుంటవా?" ముసలామె ఆయాసంతో ఆగింది. "పాపం తగుల్తది. నీకు కాదు, నాకు తగుల్తది. తెలిసి ఊకున్నందుకు."

తర్వాత ఆమె గడప మీదికి పోయి నిలబడింది. మనిషి చిన్నది కానీ గొంతు పెద్దది. "ఓ భద్రమ్మా! నీ బిడ్డను తీస్కోని ఒక్కపారి ఇటు రా! ఆ సీస గూడ పట్కరా!"

భద్రమ్మ, రమ్య వచ్చారు. రమ్య చేతిలో సీసా ఉంది. దాని మూత సీలు ఇంకా తీయలేదు. ఆ పిల్ల మెహ్జబీన్ ముఖం చూసి సీసాను చున్నీ కిందికి దాచుకుంది, తానేదో తప్పు చేసినట్టు. భద్రమ్మ దగ్గరికొచ్చి, రంగు అంటిన వేళ్ళతో మెహ్జబీన్ గడ్డం పట్టుకుని, ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"ఇదేందే బిడ్డా! ఆ దినం గింత ఉన్నదా? చున్నీ కింద ఇదేనా దాసినవ్?"

"ఇదే అత్తా. నారింజ సీసది. ఎడమ చెంప."

"మరి వీడియోల…"

"తిరగేసిన్రు."

అంతకన్నా ఏమీ చెప్పలేదు. భద్రమ్మ కూడా ఎవరు తిరగేశారని అడగలేదు. ప్రీతి ఈ ఇంటికి ఎన్నేళ్ళుగా వస్తోందో ఆమెకు తెలుసు. కూతురి చేతిలోంచి సీసా తీసుకుని, తిప్పి తిప్పి చూసి, ముక్కు ముడిచి కొంగులో కట్టుకుంది.

మధ్యాహ్నం లోపు ఇంకో నలుగురైదుగురు వచ్చారు. హుసేన్‌బీ గడప మీదే కూర్చుని, పోయేవాళ్ళను పోనిచ్చింది, ఆగినవాళ్ళను లోపలికి పంపింది. మెహ్జబీన్ మిషన్ తొక్కుతూనే ముఖం తిప్పి చూపించింది. ఏ సీసాలో ఏముందో, ఎందుకు మండుతుందో వాళ్ళు అడిగితే తనకు తెలిసినంత చెప్పింది. ఇరవై శాతమని, సెంటు ఉందని, తొక్క నూనె ఉందని. చెబుతుంటే ఆ మాటలన్నీ ప్రీతివేనని తెలుస్తూనే ఉంది. మసాలా, బిర్యానీ మాట కూడా నోటిదాకా వచ్చింది. మింగేసింది.

పొద్దు వాలేవేళ కొత్తామె ఒకామె వచ్చింది. నెక్కొండ నుంచి రైలుకు వచ్చిందట, మేనకోడలి పెళ్ళికి బట్టలు కొనడానికి. రెండు జాకెట్లు అర్జెంటుగా కావాలంది. కొలతలు ఇస్తూ ఇస్తూ మెహ్జబీన్ ముఖంలోకి పరకాయించి చూసింది.

"మీరు ఆ వీడియోల ఆమె కాదమ్మా? రెండు సీసలు… మా వదినె పంపింది నాకు ఆ వీడియో. నేను గూడ తెప్పించుకుందామనుకుంటాన."

"నేనే," అంది మెహ్జబీన్. టేపును ఆమె భుజం మీద నుంచి తీసి, ఎడమ చెంప తిప్పి చూపించింది. "తెప్పించుకోకుండ్రి. గిట్ల చేసింది నారింజ సీసే. బొమ్మ తిరగేసి పెట్టిన్రు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! ఇంత మోసమా? మరి ఆ మాట్లాడే ఆమె మీ దోస్తునన్నది గదా వీడియోల. చిన్నప్పటి నుంచి దోస్తు, నా చెల్లె లెక్క అన్నది."

గడప మీద హుసేన్‌బీ తల తిప్పి చూసింది.

మెహ్జబీన్ టేపు మళ్ళీ పరిచింది. ఆమె చెయ్యి చుట్టూ తిప్పి, అంకె చూసి, సుద్దతో బల్ల మీద రాసుకుంది. రాసిన అంకె మీదే ఇంకోసారి దిద్దింది.

"లేదమ్మా," అంది. "ఎవరో వీడియోలు తీసే ఆమె. హనుమకొండల ఉంటది."

తర్వాత, "చేతులు ఎంత పొడుగు పెట్టమంటరు?" అని అడిగింది.